సంతకెళ్ళే టైర్లు

గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. ఆ ఏడాది వేట సంగతి చెప్పాల్సి వస్తే నేను తగ్గించి చెప్పను. మా మాంటానా రాష్ట్రంలో ఆడది బండి తోలితే ఎవరూ తలెత్తి చూడరు, తుపాకీ పట్టినా చూడరు. కానీ మా నాన్న ఆర్విడ్ టాంగెన్ స్టీరింగు ఇంకొకరికి అప్పజెప్పి, పక్కసీట్లో కూర్చుని మిజోరీ నది కోసిన గండ్లలోకి వేటకి వెళ్ళడం మాత్రం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ వేసవిలో నాన్నకి ఎడమ తుంటి కీలు మార్చారు. క్రిస్మస్ దాటేదాకా క్లచ్ తొక్కే ఊసే ఎత్తొద్దన్నాడు డాక్టరు. మా పికప్పేమో పాత గేర్ల బండి. ఏడాది పొడుగునా అది నా చేతిలోనే ఉంటుంది. రోజూ ఉదయం దాన్ని వేసుకుని పల్లెదారుల్లో టపా బట్వాడా చేసి వస్తాను. కానీ అక్టోబరు ఆఖర్లో ఎల్క్ దుప్పుల వేట మొదలవగానే నాన్న వచ్చి తాళాల కోసం చెయ్యి చాపేవాడు. నేను మారుమాట లేకుండా ఇచ్చేసేదాన్ని. వేటరోజుల్లో బండి ఆయనదే.

"ఈసారి నేను రావట్లేదు," అన్నాడు నాన్న, సెప్టెంబరులో ఒకరోజు వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తూ.

"అదేంటి నాన్నా! నేను తోలతాగా."

"నువ్వు తోలితే గేట్లెవరు తీస్తారు?"

మా వైపు ఒక పద్ధతుంది. దారిలో గేటు వస్తే తోలేవాడు దిగడు. పక్కన కూర్చున్నవాడు దిగి తీయాలి, బండి దాటాక మూసి ఎక్కాలి. అవి మామూలు గేట్లు కావు. ముళ్ళతీగ, నాలుగు గుంజలు, చివర బిగుతుగా ఒక తీగ ఉచ్చు. గుంజని భుజంతో కావలించుకుని లాగితేగానీ ఉచ్చు జారదు. గుంజెత్తు కూడా లేని వయసు నుంచి నాన్న పక్కన కూర్చుని ఆ గేట్లు తీసినదాన్ని నేను.

"దానికేముంది? నేనే తోలతాను, నేనే తీస్తాను."

నాన్న కత్తి కింద పెట్టాడు. "అంటే నన్ను ఈ దుంపల బస్తాలాగా వేసుకెళ్తావన్నమాట."

"బస్తా అయితే నయం," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "నోరు మూసుకుని కూర్చుంటుంది."

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. మర్నాడు చూస్తే ఆయన రైఫిలు ఎప్పుడూ ఉండే చోట లేదు. బీరువాలో చలికోట్ల వెనక్కి చేరింది. ఆయన రాకపోతే మేమేం పస్తులుండం. కానీ పదేళ్ళ వయసు నుంచి ఒక్క ఏడూ మానని మనిషి ఈ ఏడు మానేస్తే, ఇంక ఆ కిటికీ పక్క కుర్చీలోంచి లేవడని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఎలాగైనా ఆయన్ని తీసుకెళ్ళాలి. బస్తాలాగా కాకుండా తీసుకెళ్ళాలి. అదెలాగో మాత్రం తెలియలేదు. ముందు నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. బండికి టైర్లు అరిగి బోడిగుండ్లయ్యాయి, వాటి సంగతి చూడాలి.

మా అన్నయ్య లైల్ బిల్లింగ్స్‌లో ఉంటాడు. ఆ నెలే తన బండికి బురద టైర్లు వేయించాడు. వెడల్పాటివి, అరచేతులంత పళ్ళవి. తారురోడ్డు మీద అవి చేసే రొదకి వాడు మలుపు తిరగకముందే అమ్మ కాఫీ పెట్టేసేది. "తేనెతుట్టె వచ్చేస్తోంది," అనేది.

టైర్ల కొట్టుకి వాడు కూడా వచ్చాడు, సలహాలివ్వడానికి.

"ఇవి తీసుకోవే మారిట్," అని బురద టైర్ల దొంతర మీద చరిచాడు. "వేట బండంటే ఇలా ఉండాలి. గండ్లలో బురద దీన్ని చూసి పారిపోవాలి."

"గండ్లలో నేనుండేది వేట నాలుగు వారాలే అన్నయ్యా. మిగతా చలికాలమంతా గాజులా జారే మంచు మీద టపా పంచేది ఎవరు, నువ్వా?"

"అయితే అదుగో, ఆ నున్నటివి కొనుక్కో. మెత్తగా జారిపోవచ్చు."

నున్నటివి నాకు పనికిరావు. నా దారిలో సగం కంకరే. ఆ రాళ్ళకి పలచటి టైరు పక్కలు చీలిపోతాయి. కొట్టు యజమాని గస్ మా ఇద్దరి మధ్యలోకి రాకుండా దూరంగా నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. తెలివైనవాడు. నేను వరసలన్నీ తిరిగాను. ఒక్కో టైరు దగ్గరా వంగి పళ్ళ మధ్య వేలు పెట్టి చూశాను. అన్ని నేలలకీ పనికొచ్చే రకంలోనే అయిదారు ఉన్నాయి. కొన్నిటికి పళ్ళు బాగున్నాయి గానీ, వాటి మీద మంచుని పట్టే సన్నటి కోతలు పైపైనే ఉన్నాయి. కాస్త అరిగితే కోతలు మాయం. ఇంకోదానికి కోతలు లోతే, పళ్ళ సందుల్లో రాళ్ళు ఇరుక్కోకుండా తోసే గట్లు లేవు.

చివరికి నాకు కావలసింది కింద వరసలో దొరికింది. పక్కలు మందం. కోతలు పంటి మొదలుదాకా ఉన్నాయి. రబ్బరు మీద కొండా, కొండలో మంచు పువ్వూ ఉన్న గుర్తుంది. మంచు మీద పరీక్షలో నెగ్గితేగానీ ఆ గుర్తు వేయరు.

"గస్, ఇది సన్నటి సైజులో ఉందా?"

"ఉంది. కానీ అందరూ వెడల్పాటిదే అడుగుతున్నారమ్మా. చూడ్డానికి బాగుంటుందని."

"నాకు చూడ్డానికి కాదు. సన్నటిదైతే మంచుని కోసుకుని నేలని పట్టుకుంటుంది. చక్రాలకి మంచు గొలుసులు చుట్టినా పైనున్న మడ్‌గార్డు రెక్కకి ఒరుసుకోదు. సన్నటివే నాలుగు దించు."

లైల్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒసే, అవి సంతకెళ్ళి గుడ్లు తెచ్చుకునే టైర్లే! నాన్న చూశాడంటే ఇంక గడప దాటడు. నీ ఖర్మ."

ఆ మాటకి నాక్కాస్త భయం వేసిన మాట నిజం. ఇంటికొచ్చి బండి వాకిట్లో పెట్టాను. నాన్న కర్ర తాటిస్తూ బయటికొచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముందు టైరుని కర్రతో పొడిచాడు. బొటనవేలి గోరు కోతలో గుచ్చి ఎంత లోతుందో చూశాడు.

"సన్నగా లేవూ?" అన్నాడు.

"కావాలనే తీసుకున్నా."

"ఊఁ," అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఊఁకి అర్థమేంటని అమ్మనడిగాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ తను కూడా అదే ఆలోచిస్తోందట.

అక్టోబరు నడుమ తొలి గడ్డమంచు పడింది. ఆ రోజు నాన్న అమ్మ వంటకి మూడుసార్లు వంకలు పెట్టాడు. నాలుగోసారికి అమ్మ ఆయన టోపీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈయన్ని కూడా నీ టపాలో వేసుకుపో తల్లీ. ఎవరైనా సంతకం పెట్టి తీసుకుంటే ఇచ్చేసి రా."

అలా మొదటిసారి ఆయన నా పక్కసీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నమాటే గానీ, ప్రాణం అరచేతిలో పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకుని నేలకి అదిమి తొక్కేది. నేను చూడనట్టు నటించాను.

వాగు వంతెన ముందు పెద్ద దిగుడుంది. ఆ రోజు రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తోంది. తడి కాదు, అద్దంలాంటి మంచు. దిగుడు కింద గ్యాసు లారీ ఒకటి కాలవలోకి ఒరిగి ఉంది. డ్రైవరు గట్టు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. నాన్న కాలు నేలకి అంటుకుపోయింది.

"ఆపు! ఆపవే!"

"ఇప్పుడు బ్రేకేస్తే మనమూ ఆయన పక్కనే పడుకోవాలి నాన్నా."

రెండో గేరులోకి దించి, పాదాలు రెండూ వెనక్కి తీసేశాను. బండి తన బరువు మీద తానే నెమ్మదిగా దిగింది. టైర్లు చిన్నగా కరకరమంటూ పట్టుకున్నాయి. ఒక్క అంగుళం కూడా పక్కకి పోలేదు. లారీ దాటాక ఆగి, ఆ డ్రైవర్ని ఎక్కించుకుని దగ్గర్లోని ఇంట్లో దింపాం. ఆయన దిగుతూ, "ఎవరు చూసి కొన్నారండీ ఈ టైర్లు?" అని నాన్ననడిగాడు.

"అమ్మాయి ఎంచుకుంది," అన్నాడు నాన్న.

అంతే అన్నాడు. కానీ మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు నేను ఆయన కాలు కనిపెడుతూనే ఉన్నాను. పెద్ద మలుపు దగ్గర కూడా అది కదల్లేదు. ఇల్లు కనబడుతుండగా కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు, "ఆ రైఫిలుకి నూనె పెట్టి ఎన్నాళ్ళయిందే?"

నాకు బండి ఆపి గంతులేయాలనిపించింది. "తెలీదు నాన్నా, చూడాలి," అన్నాను.

నవంబరు రెండో వారంలో బయల్దేరాం. నేనూ నాన్నా ముందు, వెనక లైల్ తన తేనెతుట్టెలో. గండ్లలోకి పోయే దారంతా జిగట రేగడి. మేము గంబో అంటాం. గడ్డకట్టి ఉంటే సిమెంటు రోడ్డే. కరిగిందంటే చక్రాన్ని పట్టుకుని ఇంక వదలదు. అందుకని తెల్లారకముందే లేచి, నేల రాయిలా ఉండగానే లోపలికి దిగిపోవడం మా అలవాటు.

మొదటి గేటు వచ్చింది. నేను దిగాను, తీశాను, ఎక్కాను, దాటించాను. లైల్ బండి కూడా దాటాక మళ్ళీ దిగి మూశాను. వెనకనుంచి లైల్ హారన్ కొట్టి తల బయట పెట్టాడు. "ఏమే! డ్రైవరూ నువ్వే, క్లీనరూ నువ్వేనా?"

వాడు సరదాకే అన్నాడు. పక్కసీట్లో నాన్న ముందు అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. మిగతా మూడు గేట్ల దగ్గరా ఆయన నా వైపు మొహం తిప్పలేదు. నా టైర్లు ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? తీసుకొచ్చింది బస్తానే అని నాకే అనిపించింది.

గుట్ట నెత్తి మీద గుడారం వేసి, పొయ్యి రాజేసి, నాన్నకి మడత కుర్చీ వేశాం. మర్నాడు పొద్దున ఆయన ఆ కుర్చీలోంచే దుర్భిణితో ఎదుటి వాలంతా గాలించాడు. నేనూ లైలూ రెండుసార్లు చూసి ఏమీ లేదనుకున్న చోట, "ఆ దేవదారు గుబురు కింద, ఎండిన కొమ్మకి ఎడమపక్క చూడు. చెవి ఆడుతోంది," అన్నాడు. నిజంగానే చెవి ఆడుతోంది. బలిసిన ఆడ ఎల్క్. నేను పాకుతూ దగ్గరికి వెళ్ళి ఒక్క గుండుతో పడేశాను. ఊపిరి బిగబట్టిన నాన్న వదిలిన కేక వాలు దాటి నా దాకా వినిపించింది.

కోసి, మోసుకొచ్చి, మాంసం సగం సగం రెండు బళ్ళలో వేసేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు తిరిగింది గాలి. పడమటి నుంచి వెచ్చగా, వసంతం వచ్చిపడినట్టు వీచింది. కోట్లు విప్పేశాం. చూస్తుండగానే కాళ్ళ కింద నేల కరిగి మెరవడం మొదలెట్టింది.

లైల్ రేడియో విని వచ్చాడు. "రేపు మధ్యాహ్నానికి పెద్ద తుఫానట. ఈ బురద మీద మంచు పడిందంటే వారం దాకా ఇక్కడే. ఇప్పుడే పోదాం."

"ఇప్పుడా? గంబో కరుగుతుంటేనా?" అన్నాను. "సాయంత్రానికి ఈ గాలి పడిపోతుంది అన్నయ్యా. ఆకాశం తేటగా ఉంది, తెల్లారేసరికి నేల బిగుస్తుంది. వెలుగు రాగానే బయల్దేరి తుఫాను కంటే ముందే రోడ్డెక్కేద్దాం."

"బిగవకపోతే? నాన్న మాత్రలు అయిపోతే? నువ్వు నీ టైర్లకి భయపడు, తప్పులేదు. నావి బురద కోసమే పుట్టినవి." వాడు నాన్న వైపు తిరిగి తన బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "నాన్నా, నువ్వు నా బండెక్కు. పొద్దుగూకేసరికి ఇంటి దగ్గర దింపేస్తా."

వాడి ఆత్రం నాన్న కోసమే. అందులో వంకేం లేదు. గుడారం ముందు మేం ముగ్గురం నిలబడ్డాం. నా మాట తప్పయితే తుంటి మార్చిన ముసలాయన్ని మంచులో వారం కూర్చోబెట్టిన పాపం నాది. నాన్న ఆకాశం చూశాడు. బూటు మడమతో నేలని నొక్కి చూశాడు. లైల్ తెరిచి పట్టుకున్న తలుపు చూశాడు. తర్వాత కర్ర ఊతంగా మడత కుర్చీ తీసుకుని, నా పికప్ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"మారిట్, కాఫీ పెట్టవే," అన్నాడు.

లైల్ మొహం మాడిపోయింది. "సరే, నీ ఇష్టం," అని బండి తీశాడు. రొద గుట్ట దిగి చాలాసేపు వినిపించింది. తర్వాత మోటారు గొంతు చించుకోవడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. నాన్న కాఫీ ఊదుకుంటూ తాగాడు.

పొద్దు వాలే వేళకి వాడు కాలినడకన వచ్చాడు. ఒక్కో బూటుకీ బిందెడు మట్టి. కింద మడుగు దాటగానే చక్రాలు నాలుగూ నాలుగు మట్టి బంతులై పోయాయట. ఆ పెద్ద పళ్ళ సందులు పూడిపోయాక నున్నటి టైరుకీ దానికీ తేడా ఏముంటుంది? గంబోకి ఏ టైరైనా ఒకటే. ఆ సంగతి పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినవాడే, కొత్త టైర్లు చూసుకుని మర్చిపోయాడు.

"రారా, కూర్చో," అన్నాడు నాన్న. "టైర్లు బండికే ఉంచావా, అన్నీ బూట్లకి తగిలించుకొచ్చేశావా?"

లైల్ ఒక్క క్షణం గుర్రుగా చూసి, తర్వాత తనే పకపకా నవ్వేశాడు. ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. పులుసులో ఎల్క్ కాలేయం వేసి వండుకు తిన్నాం. గాలి పడిపోయింది.

తెల్లారి గుడారం లోంచి కాలు బయట పెడితే నేల టక్కుమంది. నాన్న కర్రతో కొట్టి చూసి నా వైపు తల ఊపాడు. లైల్ బండి దగ్గరికి వెళ్ళేసరికి దాని చక్రాలు సిమెంటులో పోత పోసినట్టున్నాయి. పారతో గీకాం, గడ్డపారతో పగలగొట్టాం. వాడి వెడల్పాటి టైర్లకి గొలుసులు వేద్దామంటే రెక్కల కింద చోటే లేదు. నేను నా వెనక చక్రాలకి గొలుసులు బిగించాను. చేతికి తొడుగులా పట్టాయి. వాడి బండికి లాగుడు పట్టీ కట్టి, నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చి, మొదటి గేరులో మెల్లగా లాగాను. బండి ఒకసారి వణికింది. వెనక ఏదో ఫెళ్ళుమంది. లైల్ బండి మట్టి పెళ్ళలు రాలుస్తూ లేచి వచ్చింది.

వాడు దిగి వచ్చి నా టైరు మీద చెయ్యి వేశాడు. "బాగానే లాగుతున్నాయే, నీ సంత టైర్లు."

"గుడ్లు కావాలంటే చెప్పు, తెచ్చిపెడతా," అన్నాను.

ముందు మేము, వెనక వాడు. పడమట మబ్బు నల్లగా లేస్తోంది. మొదటి గేటు వచ్చింది. బండి ఆపి, నా వైపు తలుపు పిడి మీద చెయ్యి వేశాను. అప్పటికే పక్క తలుపు తెరుచుకుంది. నాన్న ముందు కర్ర దించాడు. తర్వాత మంచికాలు, తర్వాత కొత్త తుంటి కాలు. దిగి, గేటు వైపు నడవడం మొదలెట్టాడు.

నేల నున్నగా ఉంది. జారితే? దిగి పరిగెత్తాలని కాళ్ళు లాగేస్తున్నాయి. కానీ నేను స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని ఏదంటే ఎల్క్‌ని మోయడం కాదు, ఆ కూర్చోవడమే.

వెనకనుంచి లైల్ అరిచాడు. "ఏమే మారిట్, కళ్ళు కనబడట్లేదా? నాన్న దిగాడు! దిగి గేటు తియ్యవే!"

నాన్న ఆగి వెనక్కి తిరిగాడు. ఆ చలిలో ఆయన గొంతు గుట్టలన్నిటికీ వినబడింది.

"డ్రైవరు గేటు తీస్తుందట్రా ఎక్కడైనా? నోరు మూసుకుని కూర్చో!"

కర్రని కంచెకి ఆనించాడు. గుంజని భుజంతో కావలించుకున్నాడు. ఒకసారి లాగితే రాలేదు. రెండోసారి పళ్ళు బిగించి లాగాడు. ఉచ్చు జారింది. గేటు పక్కకి ఈడ్చి, తీగలు ఎత్తి పట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో నన్ను రమ్మని సైగ చేశాడు, నా చిన్నప్పుడు నేను ఆయనకి చేసినట్టే. నా కళ్ళు మసకబారాయి గానీ బండి గుంజకి తగలకుండానే దాటించాను. లైల్ కూడా దాటాడు. నాన్న గేటు మూసి, ఉచ్చు తగిలించి, తాపీగా వచ్చి నా పక్కన ఎక్కాడు. ఆయాసపడుతున్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంకా మూడున్నాయి," అన్నాడు తలుపు వేసుకుంటూ. "పోనీ."

నేను గేరు వేశాను.